ప్రభువు క్షమించాడు సరే, చీటీ డబ్బుల సంగతేంటి?

ఈ నెల ఉత్తరాల్లో మూడింటికి జవాబు రాస్తున్నాను. వేర్వేరు ఊళ్ళ నుంచి వచ్చినా మూడింట్లోనూ చిక్కు ఒకటే: ఏది దేవుడు చేసేది, ఏది మనం చేయాల్సింది అన్నదే. మొదటి ఉత్తరానికి ఎక్కువ చోటు ఇచ్చాను. అలాంటి ఇళ్ళు మన సంఘాల్లో చాలా ఉన్నాయి.

ప్రశ్న: మావారు మా వీధిలో చీటీ నడిపారు. 20 మంది, నెలకు 5,000, లక్ష రూపాయల చీటీ. పది నెలలు సక్రమంగానే సాగింది. పదకొండు, పన్నెండు నెలల డబ్బు వసూలు చేసి ఎవరికీ ఇవ్వకుండా స్నేహితుడితో కలిసి రొయ్యల చెరువులో పెట్టారు. వైరస్ తగిలి చెరువు మొత్తం పోయింది. చీటీ పాడుకోని పది మందికీ తలా 52,000 దాకా రావాలి. ఆ దెబ్బతో ఆయన తాగుడు మానేశారు, బాప్తిస్మం తీసుకున్నారు. ఇప్పుడు ఆటో నడుపుతున్నారు, ఆదివారం మందిరంలో సాక్ష్యం చెబుతున్నారు. ఎవరైనా డబ్బు అడిగితే మాత్రం "ఆ పాత మనిషి చచ్చిపోయాడు, ప్రభువు నా అప్పంతా కొట్టేశాడు" అంటున్నారు. కుళాయి దగ్గర ఆడవాళ్ళు నన్ను నిలదీస్తున్నారు. నేను కుట్టుమిషను మీద ఇల్లు నెట్టుకొస్తున్నాను. దేవుడు క్షమించాక కూడా మనుషులకు తీర్చాలా? మిషను అమ్మి ఇచ్చేయమంటారా?
– ఒక సోదరి, బాపట్ల జిల్లా

జవాబు: తీర్చాలమ్మా. పూర్తిగా తీర్చాలి. తీర్చాల్సింది ఆయన. మీ కుట్టుమిషను జోలికి ఎవరూ రాకూడదు.

మీవారు తాగుడు మానడం చిన్న విషయం కాదు. దాన్ని నేను తక్కువ చేయడం లేదు, మీరూ చేయకండి. అయితే దేవునికి విరోధంగా చేసిన పాపాన్ని దేవుడు క్షమిస్తాడు. పక్కింటావిడ దగ్గర తీసుకున్న 52,000 ఆ పక్కింటావిడది. ఆమె డబ్బును ఆమెను అడక్కుండా దేవుడు మాఫీ చేశాడనడం దేవుని పేరు మీద ఇంకో అన్యాయం చేయడమే. మాఫీ చేసే హక్కు ఆమె ఒక్కతికే ఉంది.

జక్కయ్య కథ మీవారికి తెలిసే ఉంటుంది. సండే స్కూల్లో పిల్లలకు మేడిచెట్టు ఎక్కడం వరకు చెప్పి పాట పాడించేస్తాం. అసలు సంగతి చెట్టు దిగాక ఉంది. యెరికోలో సుంకం వసూలు చేసేవాళ్ళకు అతను పెద్ద. ఎవరి దగ్గర ఎంత లాగాడో అతనికి తెలుసు, ఊరికీ తెలుసు. యేసు అతని ఇంటికి వస్తానన్నది అతను ఒక్క రూపాయి తిరిగివ్వక ముందే. అంటే కృపకు జక్కయ్య ముందుగా వెల కట్టలేదు. కానీ ఆ కృప ఇంట్లోకి వచ్చాక అతను ఊరుకోలేకపోయాడు. లేచి నిలబడి, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు చెల్లిస్తానన్నాడు. ఈ ఇంటికి నేడు రక్షణ వచ్చిందని యేసు చెప్పింది ఆ మాట విన్న తర్వాతే. లేవీయకాండంలోని ధర్మశాస్త్రం కూడా అంతే. పొరుగువాడి సొమ్ము అపహరించినవాడు అసలూ, దాని మీద ఐదో వంతూ సొంతదారుడికి ఇచ్చి, ఆ తర్వాత బలి తెచ్చుకోవాలి. మందిరానికి వచ్చే దారి పొరుగువాడి గుమ్మం మీదుగానే ఉంది.

ఇక లెక్కకు వద్దాం. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని, మా సంఘంలో కోశాధికారిగా కూడా చేశాను. అంకెలు వేయకుండా సలహా ఇవ్వడం నాకు చేతకాదు.

పాడుకోని పది మందికి తలా 52,000 అంటే మొత్తం 5,20,000. ఈ అంకె చూసే మీవారు భయపడి వాక్యం చాటున దాక్కుంటున్నారని నా అనుమానం. కానీ ఇందులో అందరూ మరచిపోతున్న భాగం ఒకటుంది. 20 మందిలో పాడుకోని పది మందీ, ఆయనా పోగా, ఇంకో తొమ్మిది మంది చీటీ పాడుకుని డబ్బు తీసుకెళ్ళారు. చీటీ ఆగిపోయిందన్న నెపంతో వాళ్ళు కట్టడం మానేశారు. తలా ఎనిమిది వాయిదాలు బాకీ. 5,000 చొప్పున 40,000, తొమ్మిది మందికి కలిపి 3,60,000. ఆ డబ్బు చెరువులో పోలేదు, వాళ్ళ ఇళ్ళల్లో ఉంది. అది పోగా మిగిలేది 1,60,000. ఆయన సొంతంగా సంపాదించి తీర్చాల్సింది ఇదే. ఆటో మీద నెలకు 4,000 పక్కన పెడితే 40 నెలలు. కష్టమే, అయినా కొండ కాదు.

ఆ తొమ్మిది మంది కట్టలేదు కాబట్టి నేనేం చేయను అనడానికి కూడా వీల్లేదు. పది మందికీ జవాబుదారీ మీవారే, చీటీ ఆయన మాట మీద నడిచింది. తొమ్మిది ఇళ్ళకూ వెళ్ళి వసూలు చేయడం కూడా ఆయన తీర్చాల్సిన బాకీలో భాగమే. వాళ్ళలో విశ్వాసులుంటే వాళ్ళకూ నాదొక మాట: చీటీ నడిపినవాడు తప్పు చేశాడని మీ వాయిదాలు మీకు మిగిలిపోవు. మీరు కట్టనిది పాడుకోని ఆ పది మంది నోటి దగ్గర కూడు.

ఆయన ఒక లాంగ్ నోట్‌బుక్ కొనాలి. ఒక్కో మనిషికి ఒక్కో పేజీ. పైన పేరు, కట్టిన మొత్తం, రావలసిన మొత్తం. కింద గళ్ళు: తేదీ, ఇచ్చింది, మిగిలింది, తీసుకున్నవారి సంతకం. దాన్ని పట్టుకుని పది ఇళ్ళకూ ఆయనే వెళ్ళాలి, మిమ్మల్ని పంపకూడదు. చెప్పాల్సింది రెండు ముక్కలే: "మీ డబ్బు నేను వాడుకున్నాను. నెలనెలా ఇంత ఇస్తాను." రొయ్యల వైరస్ గురించీ, స్నేహితుడి మోసం గురించీ, సాతాను శోధన గురించీ అక్కడ ఎత్తకూడదు. ఏదెనులో ఆదాము కూడా "నీవు నాకిచ్చిన స్త్రీయే" అని మొదలుపెట్టాడు. తప్పు చేసినవాడి నోట్లో అది ఎప్పుడూ సిద్ధంగా ఉండే మాట. ముందు ఎవరికి ఇవ్వాలంటే, ఆ పది మందిలో ఒంటరి ఆడవాళ్ళు, పిల్ల పెళ్ళి పెట్టుకున్నవాళ్ళు ఎవరో మీకు తెలుసు. వాళ్ళతో మొదలుపెట్టమనండి.

సంఘం ఏం చేయాలి? పాస్టరుగారు గానీ ఒక పెద్ద గానీ మొదటి రోజు ఆయన పక్కన నడిచి వెళ్ళాలి. గలతీ పత్రికలో ఒకరి భారాలు ఒకరు భరించమన్న పౌలే, కొద్ది వాక్యాల తర్వాత ప్రతివాడూ తన బరువు తానే మోసుకోవాలన్నాడు. సంఘం ఆయనకు తోడు నిలవాలి, ఆయన బదులు కట్టకూడదు. ఒక ఆరు నెలలు వేదిక మీద సాక్ష్యం ఆపమని కూడా పాస్టరుగారితో చెప్పండి. ఆ పది మందిలో ఒక్కరు ఆ వెనక బెంచీలో కూర్చుని ఉన్నా, ఆ సాక్ష్యం వాళ్ళ చెవికి ఎలా వినిపిస్తుందో ఆలోచించండి.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి. రిజిస్టరు చేయకుండా చీటీ నడపడం 1982 నాటి చిట్ ఫండ్స్ చట్టం ప్రకారం నేరం. బాధితుల్లో ఎవరైనా పోలీసు స్టేషనుకు వెళితే అది వాళ్ళ హక్కు. "విశ్వాసులు కోర్టుకెక్కకూడదు" అని కొరింథీ పత్రిక చూపించి వాళ్ళ నోరు మూయించకండి. అన్యాయం సహించమన్న మాట అన్యాయం చేసినవాడి నోట రాకూడదు.

మీ విషయం. మీరు ఎక్కడా సంతకం పెట్టకపోతే, ఆ డబ్బు మీ చేతి మీదుగా నడవకపోతే, ఈ బాకీ మీది కాదు. కుళాయి దగ్గర అడిగితే తలవంచుకోవద్దు, కోప్పడనూ వద్దు. "అవునక్కా, మీకు రావాలి. ఆయన సాయంత్రం ఇంట్లో ఉంటారు, రండి" అనండి. ఆయన ఇంట్లో ఉండగా లేరని మాత్రం ఎవరికీ చెప్పకండి. మీరు మోయాల్సింది అంతవరకే. మీ మిషను మీ పిల్లల అన్నం.

ప్రశ్న: నా వయసు 27, బీటెక్ అయింది. అమ్మ ఇళ్ళల్లో పనిచేస్తుంది. నాకు గవర్నమెంటు ఉద్యోగం వస్తుందని ఒక ప్రార్థన కూటంలో ప్రవచనం చెప్పారు. అప్పటి నుంచి నోటిఫికేషన్ల కోసం చూస్తూ, దేవుని చిత్తం కోసం కనిపెట్టుకుని ఉన్నాను. ఇప్పుడు ఒక షోరూములో అకౌంట్స్ పని ఉందంటున్నారు. చేరితే నా విశ్వాసం తక్కువైనట్టా?
– ఒక తమ్ముడు, ఒంగోలు

జవాబు: చేరు నాయనా. ఈ వారమే చేరు.

పౌలుకు అన్యజనుల మధ్య పని ఉందని సాక్షాత్తూ ప్రభువే చెప్పాడు. అంత పిలుపు ఉన్న మనిషి కొరింథులో అకుల, ప్రిస్కిల్లలతో కలిసి డేరాలు కుట్టాడు. పిలుపు ఉందని చేతులు ముడుచుకోలేదు. నీకు చెప్పిన ప్రవచనం నిజమైతే, నువ్వు షోరూములో పనిచేస్తున్నా నెరవేరుతుంది. సాయంత్రాలు చదువుకో, పరీక్షలు రాయి. నేను వద్దంటున్నది చదువును కాదు, కనిపెట్టుకుని ఉండడం అనే పేరుతో అమ్మ సంపాదన మీద కూర్చోవడాన్ని.

మీ ఒంగోలు చరిత్రే చూడు. 1876–78 కరువులో జనం పిట్టల్లా రాలిపోతుంటే బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకున్నాడు. ఆకలితో వచ్చినవాళ్ళకు పని చూపించి కూలి ఇప్పించాడు. కూటి కోసం ఎవరూ మతంలోకి రాకూడదని ఆ కరువు రోజుల్లో బాప్తిస్మాలు కూడా ఆపేశాడు. ఆ తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఈ 2,222 అన్న అంకెను మన సభల్లో గర్వంగా చెప్పుకుంటాం. ఎండలో కాలువ మట్టి మోసి కూలి డబ్బుతో పిల్లలకు గంజి కాచి పోసినవాళ్ళ గురించి అంతగా చెప్పుకోం. నాకు వాళ్ళ కథే ఎక్కువ ఇష్టం.

పని చేయనొల్లనివాడు తినకూడదన్న వాక్యాన్ని మాత్రం నీకు చూపించను. పని దొరకనివాళ్ళ మీదికి కూడా దాన్ని విసిరేవాళ్ళను చాలామందిని చూశాను. నువ్వు వెతికావు, నీకు దొరికింది. మొదటి జీతంలో నుంచి ఇంటి అద్దె నువ్వు కట్టు. అమ్మ కనీసం ఒక ఇల్లు మానుకోగలిగితే ఆమె మోకాళ్ళకు అదే పెద్ద ఊరట.

ప్రశ్న: మా పాపకు ఏడేళ్ళు. ఫిట్స్ వస్తున్నాయి. మా నాన్న బతికుండగా చేతబడులు చేసేవాడని ఊళ్ళో చెప్పుకుంటారు. ఒక దైవజనుడు ఇది వంశశాపమని, 25,000 కానుకతో ప్రత్యేక ప్రార్థన చేయించి మాత్రలు ఆపేయాలని అంటున్నారు. మా నాన్న పాపం నా బిడ్డ మీదికి వచ్చిందా?
– ఒక తల్లి, ఖమ్మం జిల్లా

జవాబు: రాలేదు తల్లీ. తండ్రులు ద్రాక్షకాయలు తింటే పిల్లల పళ్ళు పులిశాయన్న సామెతను ఇకమీదట ఎవరూ పలకకూడదని దేవుడే యెహెజ్కేలుతో చెప్పించాడు. ఆ పద్దెనిమిదో అధ్యాయం మొత్తం చదువుకోండి. తండ్రి దోషం కొడుకు మోయడని అందులో సూటిగా ఉంది. తండ్రుల దోషం మూడు నాలుగు తరాల దాకా వస్తుందని నిర్గమకాండం చూపించి భయపెడితే, మీరు యోహాను తొమ్మిదో అధ్యాయం చూపించండి. పుట్టు గుడ్డివాడిని చూసి వీడు పాపం చేశాడా, వీడి కన్నవాళ్ళా అని శిష్యులు అడిగితే, వీడూ కాదు, వీడి కన్నవాళ్ళూ కాదన్నాడు యేసు. ఆయన తేల్చేసిన విషయానికి 25,000 కట్టాల్సిన పని లేదు.

మీ మీద ఉన్న బాధ్యత వేరు, అది చాలా స్పష్టంగా ఉంది. మాత్రలు ఒక్క పూట కూడా మానిపించవద్దు. డాక్టరు చెప్పకుండా హఠాత్తుగా ఆపితే ఫిట్స్ ఇంకా ఎక్కువై ప్రాణం మీదికి రావచ్చు. ప్రార్థన చేయండి, మాత్ర వేయండి, రెండూ చేయండి. ఫిట్స్ వచ్చినప్పుడు పాపను పక్కకు తిప్పి పడుకోబెట్టి తల కింద మెత్తటి గుడ్డ పెట్టండి. చేతిలో తాళాలు పెట్టడం, నోట్లో చెంచా దూర్చడం, నీళ్ళు పోయడం చేయవద్దు. గడియారం చూడండి. ఐదు నిమిషాలు దాటినా, ఒకటి తగ్గకముందే ఇంకొకటి వచ్చినా 108కి ఫోన్ చేయండి. ఏ రోజు, ఎన్ని నిమిషాలు వచ్చిందో రాసి పెట్టుకుని ఈసారి డాక్టరుకు చూపించండి. బడిలో క్లాసు టీచరుకు కూడా ఈ విషయం చెప్పి ఉంచండి.