కార్-టీ చికిత్సకు ఇల్లు అమ్మేయాలా?

ప్రశ్న: మా పాపకు 8 ఏళ్లు. బి-సెల్ లుకేమియా (ఒక రక్త క్యాన్సర్) రెండోసారి తిరగబెట్టింది. డాక్టర్లు కార్-టీ చికిత్స చేద్దామంటున్నారు, పాప రోగనిరోధక కణాలనే ల్యాబ్‌లో మార్చి క్యాన్సర్ మీదికి పంపుతారట. ఆసుపత్రి చెప్పిన మొత్తం కోసం ఇల్లు అమ్మేయమంటారా?

జవాబు: ఇంటి బేరం ఇంకా ఖాయం చేయకండి. ఆసుపత్రి చెప్పిన అంకెలో ఏమేం కలిశాయో ముందు కాగితం మీద రాయించుకోండి. ఒక్కోసారి అది కణాల తయారీ ఖర్చు మాత్రమే. పాప రక్తంలోంచి టి-కణాలు (జబ్బుతో పోరాడే తెల్ల రక్తకణాలు) తీయడం, అవి ల్యాబ్ నుంచి వచ్చేదాకా వారాల తరబడి జబ్బును అదుపులో ఉంచే కీమో, ఎక్కించే ముందు ఇచ్చే ఫ్లూడరబిన్, సైక్లోఫాస్ఫమైడ్ అనే కీమో మందులు, వీటన్నిటికీ విడివిడిగా బిల్లు పడొచ్చు.

అసలు మందు చిన్న సంచిలో వస్తుంది, ఎక్కించడం ఎంతోసేపు పట్టదు. ఖర్చు మాత్రం అక్కడితో ఆగదు. సైటోకైన్ రిలీజ్ సిండ్రోమ్ (రోగనిరోధక శక్తి అతిగా స్పందించడం) వస్తే తీవ్ర జ్వరం, బీపీ పడిపోవడం, దాన్ని అణిచే టోసిలిజుమాబ్ మందు, ఐసీయూ. తర్వాత కొన్ని వారాలు ఆసుపత్రికి దగ్గర్లోనే ఉండమంటారు. అమ్మానాన్నల్లో ఒకరి జీతం ఆగిపోతుంది, దాన్నీ లెక్కలో వేయండి.

చాలామంది మరిచేది ఇంకొకటుంది. ఈ కణాలు గురిపెట్టే సీడీ19 అనే ప్రొటీన్, యాంటీబాడీల తయారీకి మూలమైన ఆరోగ్యకరమైన బి-కణాల మీదా ఉంటుంది. అవీ పోతే యాంటీబాడీలు తగ్గి, ఇమ్యునోగ్లోబులిన్ (బయటి నుంచి ఇచ్చే యాంటీబాడీలు) నెలనెలా, కొందరికి ఏళ్ల తరబడి ఎక్కించాల్సి వస్తుంది. జబ్బు మళ్లీ రాకుండా ఎముక మజ్జ మార్పిడి చేయమనీ అనొచ్చు. అందుకే ఉన్నదంతా మొదటి బిల్లుకే ఊడ్చిపెట్టకండి. ఆర్నెల్ల ఇంటి ఖర్చు పక్కన పెట్టాకే మిగతాది తీయండి. ముందు డిపాజిట్లు వాడండి. అవి చాలకపోతే ఇంటి మీద అప్పు, అదీ వాయిదా కట్టగలిగినంతే. తొందరలో అమ్మితే తక్కువ ధరకే పోవచ్చు, ఆ మాట పట్టించుకోండి.

బీమా కంపెనీని ఫోన్‌లో అడిగి ఊరుకోవద్దు. కార్-టీ పేరు రాసి ముందస్తు అనుమతి లేఖ తీసుకోండి. ఉప పరిమితి (ఈ చికిత్సకు బీమా ఇచ్చే గరిష్ఠ మొత్తం) ఎంత, అనుమతి గడువు ఎప్పటిదాకా అన్నది అందులో ఉండాలి. కణాల తయారీ విఫలమైతే ఆ ఖర్చు ఎవరిది? దీనికి ఆసుపత్రి నుంచి రాతపూర్వక జవాబు కావాలి. 2017లో అమెరికాలో కిమ్రియా అనే కార్-టీ మందుకు అనుమతి వచ్చినప్పుడు, తొలి నెలలో గుణం కనిపిస్తేనే చెల్లింపు అన్న పద్ధతిని తయారీదారు ప్రకటించారు. మీకూ అలాంటి ఒప్పందం ఉందేమో అడగండి.

క్లినికల్ ట్రయల్‌లో (కొత్త చికిత్సను రోగులపై పరీక్షించే అధ్యయనం) చేరే వీలుంటే కణాలు ఉచితంగా రావచ్చు, ఐసీయూ బిల్లు మాత్రం మీదే కావచ్చు. కార్-టీ బదులు బ్లినటుమోమాబ్ అనే మందు సరిపోతుందేమో కూడా డాక్టర్‌ను అడగండి. అది ఒక్కో విడతకు 28 రోజులు రాత్రింబగళ్లు పంపుతో ఎక్కించే మందు, దాని ఖర్చు లెక్క వేరు. ఈ జవాబులన్నీ కణాలు తీసే తేదీకి ముందే మీ చేతిలో ఉండాలి.