నలోక్సోన్ కిట్ ఎవరి జేబులో ఉండాలి?

ప్రశ్న: మా నగర ఆరోగ్య విభాగం నలోక్సోన్ కిట్లు పంచబోతోంది. నన్ను వాలంటీరుగా తీసుకున్నారు. ఎవరికివ్వాలి, ఏం నేర్పాలి? మందు దగ్గరుందన్న ధీమాతో మత్తు వాడకం పెరగదా?

జవాబు: హెరాయిన్, ఫెంటానిల్, మార్ఫిన్ లాంటి ఓపియాయిడ్లు మోతాదు మించితే ఊపిరి ఆగి మనిషి చనిపోతాడు. మెదడులో అవి పట్టుకుని కూర్చున్న చోటు నుంచి నలోక్సోన్ వాటిని తోసేస్తుంది, శ్వాస మళ్లీ మొదలవుతుంది. ఊపిరి పూర్తిగా ఆగితే 4-5 నిమిషాల్లోనే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. అంబులెన్స్ చాలాసార్లు అంత త్వరగా రాదు. ఆ క్షణాన పక్కనున్న మనిషి జేబులో ఉంటేనే కిట్‌కు విలువ.

కాబట్టి మొదటి వంతు మత్తుమందులు వాడేవారిది, వారి స్నేహితులది, ఇంట్లోవాళ్లది. సూదుల మార్పిడి కేంద్రాలు (వాడిన సూదులు తీసుకుని కొత్తవి ఇచ్చే చోట్లు), ఓపియాయిడ్ల అలవాటుకు చికిత్స చేసే మెథడోన్ క్లినిక్‌లు, షెల్టర్లు, ఎమర్జెన్సీ వార్డులు మంచి చోట్లు. జైలు గేటును మరవకండి. లోపలున్నన్నాళ్లూ మత్తుమందును తట్టుకునే శక్తి తగ్గిపోతుంది, బయటికొచ్చి పాత మోతాదే తీసుకుంటారు. విడుదలైన తొలి 2 వారాలు మహా ప్రమాదం. గుర్తింపు కార్డు అడగొద్దు, అడిగిన రోజు నుంచి మీ దగ్గరికి ఎవరూ రారు. రెండోసారి వచ్చినవారిని పాత కిట్ వాడారా, పోగొట్టుకున్నారా, ఎవరికైనా ఇచ్చారా అని అడిగి రాసుకోండి. జవాబు ఏదైనా కొత్తది ఇచ్చేయండి.

శిక్షణకు 10 నిమిషాలు చాలు. పిలిచినా, పిడికిలి కణుపులతో రొమ్ము ఎముక మీద గట్టిగా రుద్దినా కదలకపోవడం, కనుపాపలు సూదిమొనంత కావడం, పెదాలు నీలంగా మారడం, గురకలాంటి శబ్దం... ఇవే గుర్తులు. గురకపెట్టి నిద్రపోతున్నాడనుకుని వదిలేయడం వల్ల పోయిన ప్రాణాలు తక్కువేమీ కాదు. అంబులెన్స్‌కు ఫోన్ చేసి, వెల్లకిలా పడుకోబెట్టి, మెడ కింద చేయిపెట్టి తల వెనక్కి వంచాలి. కిట్‌లోని నలోక్సోన్ స్ప్రే మొనను ఒక ముక్కు రంధ్రంలో మీ వేళ్లు ముక్కుకు తగిలేదాకా పెట్టి, ఒక్కసారిగా నొక్కాలి. పనిచేస్తుందో లేదో చూద్దామని ముందుగా గాల్లో నొక్కేవారు ఉంటారు. ఒక్కో స్ప్రేలో ఉండేది ఒకే డోసు, అది అక్కడితో సరి!

తర్వాత 5 సెకన్లకొకసారి నోటితో ఊపిరి ఇవ్వాలి. 2-3 నిమిషాల్లో శ్వాస పుంజుకోకపోతే రెండో స్ప్రే, రెండో రంధ్రంలో. అందుకే కిట్‌లో 2 డోసులు ఉండాలి. ఊపిరి నిలకడగా ఆడుతుంటే చాలు, లేచి కూర్చోవాలని డోసు మీద డోసు వేయొద్దు. వేస్తే వాంతులు, వణుకు, కోపం తప్ప ఒరిగేదేమీ ఉండదు. 4 మిల్లీగ్రాముల స్ప్రే ఉండగా 8 మిల్లీగ్రాములది కొనాల్సిన పని లేదని నా అభిప్రాయం.

శ్వాస ఆడుతున్నా స్పృహ రాకపోతే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. నలోక్సోన్ ప్రభావం 30 నుంచి 90 నిమిషాలే. ఒంట్లోని ఓపియాయిడ్ అంతకన్నా ఎక్కువసేపు ఉండొచ్చు, ఊపిరి మళ్లీ మందగించవచ్చు. ఒంటరిగా వదలకండి, మత్తు దిగిన ఇబ్బందికి మళ్లీ మత్తు తీసుకోనివ్వకండి. నిద్రమాత్రలు, మద్యం, జైలజీన్ (పశువులకు ఇచ్చే మత్తుమందు) మీద నలోక్సోన్ పనిచేయదు. అయినా అనుమానం ఉంటే వేయండి, ఓపియాయిడ్ లేని ఒంటికి దానివల్ల హాని లేదు.

ఇక ధీమా సంగతి. నలోక్సోన్ పడగానే మత్తు దిగిపోయి, అలవాటుపడిన ఒళ్లు నరకం చూస్తుంది. దాన్ని కోరుకుని ఎవరూ మోతాదు పెంచరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లోనే ఈ మందు సామాన్యుల చేతికి అందాలని సూచించింది.

కిట్లను గది ఉష్ణోగ్రతలో, ఎండ తగలని చోట పెట్టండి. కారులో వదలొద్దు, గడ్డకట్టనివ్వొద్దు. గడువు దాటినవి పంచకండి. కానీ ప్రాణం పోతున్నప్పుడు చేతిలో అదొక్కటే ఉంటే, దాన్నే వాడమని నేర్పండి.