బ్యాండ్లు మొలిచే నేల

ఈసారి సంగీతం గురించి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం బ్యాండ్ల చుట్టూనే తిరిగాయి. ఒకటి రెండు ఉత్తరాల్లో కోపం కూడా ఉంది. అందుకే పత్రికలో ఈ చోటంతా వాటికే ఇచ్చాం.

ప్రశ్న: ఐస్‌లాండ్ జనాభా నాలుగు లక్షలు కూడా లేదు. స్వీడన్ కోటి చిల్లర. అయినా వాళ్ల బ్యాండ్లను ప్రపంచమంతా వింటోంది. తెలుగువాళ్లం ఎనిమిది కోట్ల పైచిలుకు. వీధికో గాయకుడున్నాడు. బయటివాళ్లు పేరు గుర్తుపట్టే బ్యాండ్ ఒక్కటీ లేదేం? అది వాళ్ల రక్తంలోనే ఉందా?
– ఒక పాఠకుడు, చిక్కడపల్లి

జవాబు: రక్తంలోనే ఉంటే 1955కి ముందు బ్రిటన్‌లో ఆ రక్తం ఏం చేస్తున్నట్టు? అప్పటిదాకా అక్కడి కుర్రాళ్లు అమెరికా పాటలు వినేవాళ్లే తప్ప, వాయించి ఆ దేశానికి పంపినవాళ్లు దాదాపు లేరు.

1956 మొదట్లో లోనీ డోనెగన్ పాడిన ఒక పాట హిట్టయింది. ఆ బాణీని స్కిఫిల్ అంటారు. దానికి గిటార్ ఒక్కటి కొంటే చాలు, మిగతావన్నీ ఇంట్లో సామానే. అస్సాం నుంచో సిలోన్ నుంచో టీ పొడి దిగుమతయ్యే ప్లైవుడ్ పెట్టెను బోర్లించి, నడుమ చిల్లు పెట్టి తాడు ముడేస్తారు. తాడు రెండో కొసను చీపురు కర్రకు కట్టి, కర్రను పెట్టె అంచున నిలబెడతారు. కర్రను వెనక్కి లాగితే తాడు బిగిసి స్వరం పైకి పోతుంది, వదులు చేస్తే దిగుతుంది. అడుగు స్వరాలు పలికే బేస్ తయార్! బట్టలుతికే గరుకు రేకు మీద, దర్జీలు వేలికి పెట్టుకునే లోహపు తొడుగులతో గీకితే తాళం. ఇలాంటి జట్లు ఆ దేశంలో 30 వేల నుంచి 50 వేల దాకా ఉండేవని అంచనా. వాటిలో లివర్‌పూల్ బడి పిల్లల జట్టు ఒకటి తర్వాత బీటిల్స్ అయింది. మిగతావాటిలో చాలామటుకు చెవులు మూసుకోవాల్సిన రకమే అయ్యుంటాయి. అన్ని వేలు ఉన్నాయి కాబట్టే ఆ ఒక్కటి తేలింది.

వాళ్లకు తీరిక కూడా దొరికింది. నిర్బంధ సైనిక సేవకు 1939 అక్టోబరు నుంచి పుట్టినవాళ్లను పిలవలేదు. బీటిల్స్ నలుగురూ 1940లోనో ఆ తర్వాతో పుట్టినవాళ్లే. లేకపోతే సరిగ్గా పద్దెనిమిదేళ్లకు ఒకడు ఒక దండులో, ఇంకొకడు మరో దండులో ఉండేవాళ్లు. ఇక ఆర్ట్ కాలేజీల సంగతి. మార్కులు అంతంతమాత్రంగా ఉన్నా సీటు దొరికేది, హాజరు పట్టించుకునేవాళ్లు తక్కువ. జాన్ లెనన్, కీత్ రిచర్డ్స్, పీట్ టౌన్‌షెండ్, ఫ్రెడ్డీ మెర్క్యురీ, ఈ నలుగురూ ఆర్ట్ కాలేజీల్లో చదివినవాళ్లే.

ఆ తర్వాత వేదిక. 1960 ఆగస్టులో బీటిల్స్ జర్మనీలోని హాంబర్గ్ వెళ్లి ఇంద్రా అనే క్లబ్బులో (పేరు మనదే) 48 రాత్రులు వాయించారు. మామూలు రోజుల్లో నాలుగున్నర గంటలు, శని ఆదివారాల్లో ఆరు గంటలు. లెక్క వేయండి. మూడు నిమిషాల పాటలైతే, మధ్యలో విరామాలు పోను, రాత్రికి యాభై పాటల పైనే కావాలి. పది పాటలు వచ్చిన కుర్రాళ్లు రెండో రోజుకే ఖాళీ అయిపోతారు. అప్పుడిక ఒకే పాటను సాగదీయాలి, కొత్తది నేర్వాలి, తాగి అరిచే జనాన్ని నిలబెట్టాలి. ఈ చదువు చెప్పే స్కూలు ఎక్కడా లేదు.

స్వీడన్‌లో ఇదే పనిని ప్రభుత్వం చేసింది. ఊరూరా మున్సిపాలిటీ నడిపే సంగీత పాఠశాలలు ఉన్నాయి, ఖర్చు చాలా తక్కువ. ఇవాళ అమెరికా పాప్ హిట్లలో సగం ఈయనవేనా అనిపించే మాక్స్ మార్టిన్ అలాంటి బళ్లోనే ఫ్రెంచ్ హార్న్ నేర్చుకున్నాడు, తర్వాత ఒక మెటల్ (హోరెత్తించే రాక్ బాణీ) బ్యాండ్‌లో పాడాడు. అక్కడ వయోజన విద్యకు పనిచేసే సంఘాలున్నాయి. నలుగురు కుర్రాళ్లు కలిసి ‘మేము ఒక అధ్యయన బృందం’ అని పేరు రాయించుకుంటే, ప్రాక్టీసుకు గది ఇస్తాయి. 1974లో యూరోవిజన్ పాటల పోటీ గెలిచిన అబ్బా బ్యాండ్‌ను అందరూ చూశారు. వెనకాల వెలిగిన ఆ గదుల దీపాలు బయటికి కనపడవు.

ఐస్‌లాండ్ జనాభా మన శేరిలింగంపల్లి అసెంబ్లీ ఓటర్లలో సగానికి అటూ ఇటూ. అక్కడ కూడా సంగీత పాఠశాలలకు ప్రభుత్వ సాయం ఉంది. 1982లో మొదలైన కుర్ర బ్యాండ్ల పోటీ ఒకటుంది, 2010లో దాన్ని గెలిచిన ‘ఆఫ్ మాన్‌స్టర్స్ అండ్ మెన్’ ఆ తర్వాత ప్రపంచమంతా తిరిగింది. 1999లో విమానాశ్రయం హ్యాంగర్‌లో ఒక్క కచేరీగా మొదలైన ఎయిర్‌వేవ్స్ ఉత్సవానికి విదేశీ విలేకరులు, రికార్డు కంపెనీలవాళ్లు వస్తారు. అంత చిన్న ఊళ్లో ఒకే డ్రమ్మర్ మూడు నాలుగు బ్యాండ్లలో వాయించక తప్పదు. దానివల్ల ఒక జట్టు నేర్చింది ఇంకో జట్టుకు వెంటనే అంటుకుంటుంది.

ప్రశ్న: చలి దేశాల్లో బయట తిరగలేక ఇంట్లో కూచుని వాయిస్తారని ఎక్కడో చదివాను. నిజమేనా?
– కూకట్‌పల్లి పాఠకురాలు

జవాబు: ఫిన్లాండ్‌ను చూస్తే నిజమనిపిస్తుంది. లక్ష మందికి 50కి పైగా మెటల్ బ్యాండ్లు లెక్క తేలిన దేశం అది. జమైకాకు ఏ చలి ఉంది? కింగ్‌స్టన్‌లో క్రైస్తవ సన్యాసినులు నడిపిన ఆల్ఫా బాయ్స్ స్కూలులో పేద పిల్లలకు బ్రాస్ బ్యాండ్ నేర్పేవారు. 1964లో ఏర్పడ్డ స్కాటలైట్స్ బ్యాండ్‌లో డాన్ డ్రమండ్, టామీ మెకుక్‌తో సహా నలుగురు ఆ బడి పిల్లలే. ఆస్ట్రేలియాలో ఎండ మండిపోతుంది. అక్కడ సాయంత్రం ఆరింటికే బార్లు మూసే చట్టం 1950ల నుంచి 60ల మధ్య ఒక్కో రాష్ట్రంలో పోయింది. రాత్రి పదిదాకా జనాన్ని కూర్చోబెట్టడానికి బార్లకు బ్యాండ్లు కావాల్సొచ్చాయి. ఏసీ/డీసీ బ్యాండ్ వినిపించే ఆ గట్టి మోత అక్కడిదే. వాతావరణం కంటే తలుపులు ఎన్నింటిదాకా తెరిచి ఉంటాయన్నదే ముఖ్యం.

ప్రశ్న: ఇదంతా ఇంగ్లిష్ మహిమ కాదా? ఇంగ్లిష్‌లో పాడితే గొప్ప, తెలుగులో పాడితే లోకల్!
– ఒక పాఠకుడు, సికింద్రాబాద్

జవాబు: మీ మాటలో సగం నిజముంది. గొప్ప బ్యాండ్లున్న దేశం అని మనం అనేది మన చెవిదాకా వచ్చినవాటిని బట్టే. బంగ్లాదేశ్‌లో సోల్స్, మైల్స్, ఎల్ఆర్‌బీ బ్యాండ్లు బెంగాలీలో పాడి ఒక తరాన్ని ఊపేశాయి. కోల్‌కతాలో మొహీనేర్ ఘోడాగుళి 1975లోనే మొదలైంది. మనలో ఎంతమంది విన్నాం? లెక్క తీసేవాడికి భాష రాకపోతే మన బ్యాండ్ లెక్కలోకే రాదు.

మిగతా సగానికి కెనడాను చూడండి. ఇంగ్లిష్ ఉంది, గిటార్లున్నాయి. అయినా పక్కనే ఉన్న అమెరికా పాటల కింద వాళ్ల పాటలు నలిగిపోయేవి. 1971 నుంచి ఏఎం రేడియోలు వేసే పాటల్లో 30 శాతం కెనడావే ఉండాలని నియమం పెట్టారు. మొదట్లో నాసిరకం పాటలతో కోటా నింపారని తిట్టినవాళ్లు ఉన్నారు. కానీ స్థానిక రికార్డింగులకు గిరాకీ పుట్టింది. ఒకే భాష ఉన్నంతమాత్రాన దారి దొరకదన్నమాట.

ప్రశ్న: హైదరాబాద్‌లో టాలెంట్‌కు కరువా? మా కాలేజీ బ్యాండ్ ఏడాదిలో విడిపోయింది. అందరిదీ ఇదే కథ. ఎక్కడ తేడా కొడుతోంది?
– ఒక పాఠకుడు, నల్లకుంట

జవాబు: టాలెంట్‌కు కరువు లేదు. అదంతా ఒకే కాలవలోకి పారుతుంది, అదే సినిమా. బాగా పాడే కుర్రాడు కృష్ణానగర్ వైపు చూస్తాడు, బాగా వాయించేవాడు సెషన్లకు పోతాడు. తప్పేం లేదు, అన్నం అక్కడుంది. ఇంకో సంగతి, మన సంగీత శిక్షణలో గురువు, శిష్యుడు ఇద్దరే. పదేళ్లు నేర్చుకున్న పిల్ల ఒంటరిగా అద్భుతంగా పాడుతుంది గానీ, డ్రమ్మర్ కన్ను చూసి ఆగడం అలవాటు ఉండదు. మిజోరం, మేఘాలయల్లో చర్చి కోరస్‌లో ఆరేళ్ల నుంచే నలుగురితో కలిసి పాడతారు. తేడా అక్కడుంది.

మన ఊళ్లోనూ కలిసి వాయించేవాళ్లు ఉన్నారు, మనం వాళ్లను బ్యాండ్ అని లెక్కపెట్టం. నిజాం దగ్గర ఆఫ్రికన్ అశ్వదళంలో (ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్) పనిచేసిన సిద్దీల పేరు మీదే ఏసీ గార్డ్స్ అనే పేట వచ్చింది. వాళ్ల మర్ఫా డప్పుల మేళం ఇవాళ ఎన్నో పెళ్లి బరాత్‌లలో మోగుతుంది. ఆదివారం చర్చిలో కీబోర్డు, బేస్, డ్రమ్స్ కలిసి వాయించే పిల్లలున్నారు. కాలేజీ బ్యాండ్‌కు డ్రమ్మర్ దొరకకపోతే ముందు ఈ రెండు చోట్ల అడగండి. వాళ్ల తాళం జారదు.

ఇక విడిపోవడం. సాధారణంగా జరిగేది ఇది. రిహార్సల్‌లో ప్రతిసారీ పాటను మొదటినుంచి మొదలుపెట్టి, తప్పు వచ్చిన చోట ఆపి మళ్లీ మొదటికే వెళతారు. పల్లవి నూరుసార్లు, చివరి చరణం మూడుసార్లు వస్తుంది. వేదిక మీద చివర్లోనే కూలుతుంది. తప్పు వచ్చిన నాలుగు ఆవర్తాలనే పదిసార్లు వాయించి, తర్వాత దాని ముందున్నదానికి అతికించండి. ఫోన్‌ను గది మూలన పెట్టి రికార్డ్ చేసి, ఇంటికెళ్లాక వినండి. దాదాపు ప్రతి కొత్త జట్టూ పాట సగానికొచ్చేసరికి వేగం పెంచుతుంది. టిక్ టిక్ మంటూ తాళం వేగం చూపే మెట్రోనోమ్‌తో ప్రతి పాట వేగం చూసి రాసిపెట్టుకుంటే తెలుస్తుంది.

శబ్దం పెంపకం ఇంకో రోగం. డ్రమ్స్ మోత పెరిగితే గిటారిస్ట్ పెంచుతాడు, గాయని వినపడక మైక్ పెంచమంటుంది, స్పీకర్ కూత పెడుతుంది. ముందు గొంతు ఎంతవరకు కూత లేకుండా పెరుగుతుందో చూసి, మిగతావాళ్లు దాని కిందే ఉండాలి. మైక్ వీపు స్పీకర్ వైపు ఉండాలి. మొదటి ప్రదర్శనకు 45 నిమిషాలకు తొమ్మిది పాటలు చాలు, అందులో నాలుగైనా సొంతవి. లామకాన్ లాంటి చిన్న చోట ముప్పై మంది ముందు పది సార్లు వాయించాక పెద్ద వేదిక గురించి ఆలోచించండి.

ప్రశ్న: మేడ మీద 12 అడుగులకు 10 అడుగుల గది. గోడలంతా కోడిగుడ్ల అట్టలు అంటించాం. అయినా పక్కింటివాళ్లు పోలీసులను పిలుస్తామంటున్నారు. ఏం చేయాలి?
– మల్కాజ్‌గిరి కుర్రాళ్లు

జవాబు: ముందు అట్టలు పీకేయండి. వాటివల్ల లాభం గుడ్లు అమ్మినవాడికే. అవి గది లోపల కీచుమనే ప్రతిధ్వనిని కాస్త తగ్గిస్తాయి, బయటికి పోయే శబ్దాన్ని ఆపవు. శబ్దాన్ని ఆపేది బరువు. పైగా అవి అగ్గిపుల్లకు అంటుకునే కాగితం.

గోడ మీద అనుమానం వద్దు. రెండు వైపులా ప్లాస్టరింగ్ ఉన్న నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ 40 డెసిబెళ్ల పైన ఆపుతుంది. మీ దొంగ తలుపు కింద ఉన్నాడు. ఏడడుగులు, మూడడుగుల తలుపు కింద అర అంగుళం సందు ఉందనుకోండి. అది తలుపు వైశాల్యంలో 0.6 శాతం. తలుపు ఉక్కుదైనా సరే, ఆ సందు ఉన్నంతసేపు మొత్తం మీద 22 డెసిబెళ్లకు మించి ఆగదు. డ్రమ్ సెట్ లోపల 105 కొడితే తలుపు బయట 83. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 అన్నది 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నిబంధనల పరిమితి. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్ వేయనే కూడదు.

కాబట్టి తక్కువ ఖర్చుతో మొదలయ్యేది ఇలా. తలుపు కింద రబ్బరు పట్టీ, మూడు వైపులా చట్రానికి రబ్బరు బీడింగు. ఏసీ పైపు, వైర్లు గోడలోంచి పోయే చిల్లులను సిలికాన్‌తో మూసేయండి. కిటికీని లోపలి నుంచి 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో బిగించి, మధ్యలో రాక్‌వూల్ (రాతి నార) కుక్కండి. డబ్బులుంటే అసలు గోడకు తగలకుండా వేరే చట్రం నిలిపి 50 మిల్లీమీటర్ల రాక్‌వూల్, దాని మీద 12.5 మిల్లీమీటర్ల జిప్సమ్ బోర్డు రెండు పొరలు. రెండో పొర అతుకులు మొదటి పొర అతుకుల మీద పడకూడదు. ఒక్క స్క్రూ పాత గోడకు తగిలినా శబ్దం దాన్నే వంతెన చేసుకుంటుంది.

కింది పోర్షన్‌వాళ్ల గొడవ వేరు. కిక్ డ్రమ్, బేస్ దెబ్బ స్లాబ్‌లోంచి దిగుతుంది. ఆరడుగుల చదరం ప్లైవుడ్ రెండు పలకలు తీసుకుని, నడుమ అడుగున్నరకొకటి చొప్పున 25 టెన్నిస్ బంతులు పెట్టి, అవి దొర్లకుండా కింది పలకలో గుంటలు చేసి, దాని మీద డ్రమ్ సెట్ పెట్టండి. పలక గోడకు తాకకూడదు. చేయగానే తేడా తెలుస్తుంది.

అన్నీ మూశాక గాలి ఆడదు. అయిదుగురు ఉన్న గదిలో ముప్పావు గంటకోసారి తలుపు తీసి పది నిమిషాలు ఆగండి, స్ప్లిట్ ఏసీ కొత్త గాలి తేదు. ఇంత చేసినా రాత్రి డ్రమ్స్ వద్దు. సన్న పుల్లల కట్టలా ఉండే రాడ్లతో వాయిస్తే మోత బాగా తగ్గుతుంది. రెండు నెలలు గంటల లెక్కన అద్దెకు దొరికే జామ్ రూముల్లో వాయించి, జట్టు నిలుస్తుందని తేలాక గదికి ఖర్చు పెట్టడం ఇంకా నయం.

ప్రశ్న: మా బ్యాండ్ పాటకు మాటలు ఒకరివి, బాణీ ఇద్దరిది. ఒకడు వెళ్లిపోతున్నాడు. పాట ఎవరిది? రిజిస్టర్ చేయించలేదు.
– ఒక పాఠకుడు, మెహదీపట్నం

జవాబు: రిజిస్టర్ చేయకపోయినా రాసిన క్షణం నుంచి కాపీరైట్ ఉంటుంది. మాటలు ఒక హక్కు, బాణీ మరొకటి, రికార్డింగ్ మూడోది. మాటలకు, బాణీకి కర్త జీవితకాలం, ఆ పైన 60 ఏళ్లు. రికార్డింగ్‌కు 60 ఏళ్లు. ఇద్దరూ విడదీయలేనంతగా కలిసి కట్టిన బాణీ ఇద్దరిదీ. వెళ్లిపోయినంత మాత్రాన అతని వాటా పోదు.

అతను వాటా ఇచ్చేస్తానంటే నోటిమాట చెల్లదు. రాసి, సంతకం ఉండాలి. అందులో ఎన్నేళ్లకో రాయకపోతే అయిదేళ్లకే అని, ఎక్కడికో రాయకపోతే భారత్ వరకే అని చట్టం అనుకుంటుంది. అమెరికాలో ఉన్న మనవాళ్లు మీ పాట వాయిస్తారని ఆశ ఉంటే ఈ రెండు గడులు ఖాళీగా వదలకండి. ఇంకా సఖ్యంగా ఉన్నప్పుడే, ఒక్కో పాటకు ఒక కాగితం మీద ఎవరి వాటా ఎంతో శాతాల్లో రాసుకుని, తేదీ వేసి, అందరూ సంతకం పెట్టండి. ఫోటో తీసి అందరి ఫోన్లలో ఉంచండి.