ఖాళీ డిస్కుకు ఓటు హక్కు

చిరంజీవి అమ్మలుకు పెదనాన్న ఆశీస్సులు.

ఒకే సమాచారాన్ని మూడు యంత్రాల్లో దాచేలా, మూడు రెప్లికాలతో నువ్వే ఒక స్టోరేజీ వ్యవస్థ రాస్తున్నావని మీ నాన్న ఫోనులో చెప్పినప్పుడు ఎంతో సంతోషించాను. ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

ఆ యంత్రాలు ఓట్లతో ఒక లీడరును ఎన్నుకుని, ఒకే మాట మీద నిలిచే రాఫ్ట్ పద్ధతిని ఎంచుకున్నావట, మంచిదే. 2014లో వెలువడిన ఆ పత్రం చదవడానికి తేలికగా ఉంటుంది గాని, రాయడం తేలిక కాదు. నోడ్లు, అంటే ఆ యంత్రాలు, బేసి సంఖ్యలో పెట్టు: నాలుగు పెట్టినా మెజారిటీకి మూడు కావాలి కాబట్టి, మూడింటిలాగే ఒక్కదాని పతనాన్నే తట్టుకుంటుంది. రాతల వరుస తేల్చడానికి గడియారాలను నమ్మకు.

నా భయమంతా డిస్కు గురించే. చాలా ఏళ్ల కిందట నేను చూసుకున్న వ్యవస్థలో, ఒక రాత లీడరులోనూ రెండో నోడులోనూ పడగానే, మెజారిటీ కనుక కమిట్ అయి, అంటే ఖాయమై, దాన్ని పంపిన క్లయింటుకు జవాబు వెళ్లిపోయింది. మూడోది వెనకబడి ఉంది. అంతలో రెండో నోడు డిస్కు పాడైతే, నేను కొత్తది బిగించి, పాత గుర్తింపు సంఖ్యతోనే దాన్ని లేపి, లాగ్, అంటే రాతల చిట్టా, అదే తెచ్చుకుంటుందిలే అని టీకి వెళ్లాను. తెచ్చుకునేలోపే లీడరు పడిపోయింది. మిగిలిన రెంటిలో ఒకదానికి గతమే లేదు, రెండోదానికి ఆ రాత అందనే లేదు. అయినా రెండూ కలిస్తే మెజారిటీయే గనుక, నిబంధన తప్పకుండానే మూడోది లీడరైంది. పాత లీడరు తిరిగి లేచి, కొత్త లీడరుతో సరిపోల్చుకుని, తన దగ్గర మిగిలిన ఆ ఒక్క ప్రతినీ చెరిపేసుకుంది. ఒక్క హెచ్చరికైనా రాలేదు. కస్టమరు అడిగితే గాని తెలియలేదు.

మీ తాతయ్య ధాన్యం కొట్టులో చిట్టాలో రాయనిదే బస్తా కదలనిచ్చేవారు కాదు. చాదస్తమని నవ్వుకున్నవాణ్ణి, ఆ రోజు ఆయన గుర్తొచ్చి తలదించుకున్నాను. నువ్వూ అంతే: టర్మ్ (ఎన్నికల వరుస సంఖ్య), ఎవరికి ఓటు వేసిందీ, లాగ్ — ఈ మూడూ ఎఫ్‌సింక్‌తో (డిస్కు మీదికి ఎక్కించి తీరమనే ఆదేశంతో) డిస్కుకు చేరాకే నోడు జవాబివ్వాలి. డిస్కు పోయిన నోడును సభ్యత్వం నుంచి తీసేసి, కొత్త సంఖ్యతో, ఓటు లేకుండా చేర్చి, లాగ్ అందుకున్నాకే ఓటు ఇవ్వు.

నోడును ఆపి లేపడమే పరీక్ష అనుకుంటున్నావా? డిస్కు తుడిచి లేపి చూశావా? కసిరానని చిన్నబుచ్చుకోకు తల్లీ. పండక్కి వచ్చేటప్పుడు ల్యాప్‌టాప్ తెచ్చి, ఓటు వేసే ఆ ఫంక్షను ఒక్కటీ నాకు చూపించు, కళ్లద్దాలు మార్పించుకున్నాను.

పెదనాన్న