డెమో తోట పెట్టేముందు: మా చెడిపోయిన మడి కథ

మీ ప్రశ్న చదివాను. వీధి చివర ఖాళీ స్థలం దొరికింది, అందులో అందరికీ తోటపని నేర్పే డెమో తోట పెట్టి, నెలకోసారి పిల్లలూ పెద్దలూ కలిసి వచ్చేలా ఏదైనా చేయాలనుంది, ఎక్కడ మొదలుపెట్టాలి, అసలు జనం వస్తారా అని అడిగారు. నేను ఇలాంటి తోటలో ఏడేళ్ళుగా వారానికో పూట పనిచేస్తున్నాను. జీతం లేదు, బురద మాత్రం బోలెడు. వ్యవసాయం చదువుకున్న మనిషిని కాదు, కాబట్టి చేతులు కాల్చుకుని నేర్చుకున్న సంగతులే చెప్పగలను.

జనం వస్తారు. ఆ టెన్షన్ అక్కర్లేదు. రెండోసారి వస్తారా అన్నదగ్గరే అంతా ఉంది. మొదటి ఏడాది మేం తోటని పార్కులా ముస్తాబు చేసి పెట్టాం. వచ్చినవాళ్ళు ఫొటోలు తీసుకున్నారు, భలే ఉందండీ అన్నారు, వెళ్ళిపోయారు. ఇంటికెళ్ళి ఒక్క విత్తనం పెట్టిన దాఖలా లేదు. గుత్తులుగా కాసిన టమాటా మొక్కని చూస్తే ఏం తెలుస్తుంది చెప్పండి, ఇక్కడెవరికో బాగా చేతనవును అని తెలుస్తుంది, మనవల్ల కాదులే అనిపిస్తుంది, అంతే.

మా జట్టులో అనుభవమున్న ఒకావిడ రెండో ఏడు మొదట్లోనే ఇది మార్చేశారు. ఒక్క తేడా తప్ప మిగతాదంతా సమానంగా ఉండే రెండు మడులు పక్కపక్కన వేయమన్నారు. ఒకే రోజు ఒకే నారు నాటి, రెండింటికీ లెక్కగా అవే నీళ్ళు పోశాం. ఒక మడికి నాలుగు వేళ్ళ మందాన ఎండుటాకులు కప్పి, కాండానికి మాత్రం తగలకుండా చుట్టూ కాస్త ఖాళీ వదిలాం. రెండోది బోడిగా వదిలేశాం. వచ్చినవాళ్ళకి చెప్పేది ఒకటే, వేలు రెండో కణుపు దాకా మట్టిలో గుచ్చండి. బోడి మడిలో వేలు దిగదు, పైన పెచ్చు కట్టి ఉంటుంది. ఆకులు జరిపి ఇటు గుచ్చితే చల్లగా మెత్తగా దిగిపోతుంది, ఒక్కోసారి వానపాము కూడా తగిలి కెవ్వుమంటారు. ఆ తర్వాత మల్చింగ్, అంటే ఇలా మట్టిని ఆకులతో కప్పడం గురించి మేం నోరు విప్పక్కర్లేదు, వాళ్ళే అడుగుతారు, ఏ ఆకులైనా పర్లేదా, చెదలు పట్టవా అని. మీ తోటలో ఏం పెట్టినా ఇలా జంటగా పెట్టండి. మధ్యలో కొన్ని మొక్కలు పీకి పలచన చేసిన ముల్లంగి, చేయనిది. ఊతం కట్టిన టమాటా, నేల మీద వదిలేసింది. అందం కొంచెం తగ్గుతుంది, తగ్గనివ్వండి.

ఇక మా చెడిపోయిన మడి. మూడో ఏడాది ఒకరు ట్రాక్టర్ నిండా పశువుల ఎరువు ఊరికే తెచ్చిచ్చారు, బాగా మాగింది, వాసన కూడా లేదు. సంతోషంగా ఒక పెద్ద మడంతా వేసి టమాటా, బీన్స్ పెట్టాం. మూడు వారాలకి చిగుళ్ళు మెలికలు తిరిగిపోయాయి, ఆకులు దొప్పల్లా ముడుచుకుపోయి, కొత్తగా వచ్చేవి సన్నగా ఈనెలు మాత్రమే మిగిలినట్టు తయారయ్యాయి. వైరస్ అని ఒకరు, నీళ్ళెక్కువయ్యాయని ఒకరు. చివరికి చాలాకాలం పొలాలు చూసిన పెద్దాయన ఒకరు వచ్చి ఆ మొక్కల్ని వదిలేసి, ఎరువు ఎక్కడిదని అడిగారు. సంగతేమిటంటే, గడ్డి బీళ్ళలో వెడల్పాకు కలుపు చావడానికి కొట్టే మందుల్లో అమినోపైరాలిడ్, క్లోపైరాలిడ్ లాంటివి కొన్ని ఉన్నాయి. అవి గడ్డిని చంపవు, ఆ గడ్డి తిన్న పశువు కడుపులోనూ అరిగిపోవు, పేడలోకి వచ్చేస్తాయి, కుప్పలో మాగినా చాలాకాలం మిగిలే ఉంటాయి. టమాటా, బీన్స్, బఠాణీ లాంటివి చాలా కొద్దిపాటి మోతాదుకే దెబ్బతింటాయి. ఎరువు ఇచ్చినవాళ్ళకి కూడా తెలిసి ఉండదు, వాళ్ళనేం అనలేం.

మా కమిటీలో సగం మంది ఆదివారం ఫ్యామిలీ ప్రోగ్రాం లోపు ఆ మడి పీకేద్దామన్నారు, పరువు పోతుందని. ఆ వాదనలో నేనూ పీకేద్దామనే వైపే ఉన్నాను, ఒప్పుకోవాలి. చివరికి పీకలేదు. పక్కన అట్టముక్క మీద, మేం ఎరువుని పరీక్షించకుండా వేశాం, ఇలా అయింది అని రాసి పెట్టాం. ఆ ఆదివారం జనమంతా అక్కడే! మంచి మడుల దగ్గర మాట్లాడని మనుషులు ఇక్కడ గుమిగూడి, మా ఇంట్లో కూడా ఇలాగే అయిందండీ, నా హస్తవాసి మంచిది కాదేమో అనుకుని మానేశాను అని చెప్పుకొచ్చారు. పరీక్ష ఎలా చేయాలో అక్కడికక్కడే చూపించాం. ఎరువు సగం మట్టి సగం కలిపి ఒక కుండీ, ఎరువు లేని మట్టితో ఇంకో కుండీ, రెండింటిలో మూడేసి బీన్స్ గింజలు. రెండు మూడు వారాల్లో మొదటి కుండీలో ఆకులు ముడుచుకుని రెండోది మామూలుగా ఉంటే ఆ ఎరువు కూరగాయలకి పనికిరాదు. ఆ మడిలో తర్వాత మొక్కజొన్న వేశాం, గడ్డి జాతి కాబట్టి దానికేం కాలేదు. అప్పట్నుంచి ఏదో ఒక చెడిపోయిన మడిని కావాలనే ఉంచుతున్నాం.

మీరు రాయలేదు గానీ, తోటలో ప్రశ్నలు అడిగే బల్ల ఒకటి వేయండి. అమెరికాలో మాస్టర్ గార్డెనర్ అని ఒక పద్ధతి ఉంది, అది పుట్టిందే ఇందుకు. 1972లో వాషింగ్టన్ రాష్ట్రంలో, సియాటిల్ చుట్టుపక్కల ఇళ్ళలో మొక్కలు పెంచేవాళ్ళ ప్రశ్నలకి యూనివర్సిటీ విస్తరణ విభాగం, అంటే జనానికి సాగు సలహాలిచ్చే విభాగం వాళ్ళు జవాబులు చెప్పలేక, మామూలు మనుషులకే శిక్షణ ఇచ్చి, బదులుగా మీరు కొన్ని గంటలు జనానికి జవాబులు చెప్పండి అన్నారు. మా బల్ల అంత పెద్ద వ్యవహారం కాదు, ఒక భూతద్దం, ఒక నోటుబుక్కు. ఎక్కువగా తెచ్చేది అడుగు భాగం నల్లగా కుళ్ళిన టమాటా. తెగులని మందు కొడతారు పాపం. అది తెగులు కాదు, కాయకి కాల్షియం అందకపోవడం, చాలాసార్లు మట్టిలో కాల్షియం ఉన్నా, ఒకరోజు ఎండబెట్టి ఒకరోజు ముంచెత్తితే అది నీళ్ళతో కాయదాకా చేరదు. ఆకులు కప్పిన మడి చూపించి పంపుతాం.

భూతద్దం ఎందుకంటే అక్షింతల పురుగు పిల్లల కోసం. ఎర్రగా చుక్కలతో ఉండే పెద్ద పురుగుని అందరూ ముద్దు చేస్తారు, దాని పిల్ల మాత్రం నల్లగా, నారింజ మచ్చలతో బుల్లి మొసలిలా ఉంటుంది, చూసిన వెంటనే నలిపేస్తారు. ఒకాయన మా బీన్స్ మొక్క మీద అలాగే అయిదారింటిని నలిపి, మీకు సాయం చేశానండీ అన్నారు. ఆయనకి భూతద్దం ఇచ్చి మిగిలినదాన్ని చూపించాం, మొక్కల రసం పీల్చే పేనుబంక పురుగుల్ని ఒక్కొక్కటే పట్టుకుని తినేస్తోంది. ఆయన పావుగంట కదల్లేదు. ఇప్పుడు ఆ బల్ల దగ్గర కూర్చునేది ఆయనే.

ఫ్యామిలీ కార్యక్రమాల విషయంలో మా మొదటిది ఘోరం. కంపోస్టు మీద ముప్పావుగంట ఉపన్యాసం. పది నిమిషాలకి పిల్లలంతా లేచి మట్టికుప్ప ఎక్కేశారు, వాళ్ళ వెనకే అమ్మానాన్నలు. తప్పు పిల్లలది కాదు. 1840లో ఫ్రోబెల్ అనే జర్మన్ విద్యావేత్త తన బడికి కిండర్‌గార్టెన్, అంటే పిల్లల తోట అని పేరు పెట్టింది ఊరికే మాటవరసకి కాదు, అక్కడ ఒక్కో పిల్లకీ సొంతంగా చిన్న మడి ఉండేది. ఇప్పుడు మేం కూర్చోబెట్టడం మానేశాం. నాలుగు చోట్ల నాలుగు పనులు, ఎవరికి నచ్చినచోట వాళ్ళు, మొత్తం గంటన్నర.

అందులో బాగా ఆడేవి రెండు. మొదటిది సీసా. ఇంటి దగ్గర్నుంచి గుప్పెడు మట్టి తెమ్మంటాం, మూత ఉన్న గాజు సీసాలో ఒక వంతు మట్టి, మూడొంతులు నీళ్ళు పోసి గట్టిగా ఊపమంటాం. ఇసుక నిమిషంలో అడుగుకి దిగుతుంది, ఒండ్రు కొన్ని గంటల్లో, బంకమట్టి దిగడానికి ఒకరోజు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. కాబట్టి సీసా ఇంటికి పట్టుకెళ్ళక తప్పదు, మర్నాడు పొరలు కొలిచి ఫొటో పంపుతారు. రెండోది బీన్స్ వేళ్ళు. పూత మీదున్న మొక్కని మెల్లగా తవ్వి తీసి, వేళ్ళమీద ఉండే చిన్న బుడిపెల్ని గోటితో చీల్చమంటాం. లోపల గులాబి రంగు ఉంటే అందులో బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకి ఇస్తున్నట్టే. ఆ రంగు మన రక్తంలో హిమోగ్లోబిన్‌కి చుట్టం లాంటి పదార్థానిది. మొక్కకి రక్తముందా అని ఒక పిల్ల అడిగిన మొహం ఇంకా గుర్తుంది. మొదటిసారి ఇది చేసినప్పుడు ఒక్క బుడిపె లేదు, జనం ముందు నవ్వులపాలయ్యాం. మడిలో ఎరువు ఎక్కువైతే మొక్క బుడిపెల జోలికి పోదని అప్పుడు తెలిసింది. ముందురోజే ఒక మొక్క తవ్వి చూసుకోండి.

మిగతావి గబగబా చెప్పేస్తాను. పిల్లలకి ముల్లంగి పెట్టండి, నెలలోపు పీకొచ్చు, వాళ్ళ ఓపిక అంతే. మడి వెడల్పు రెండువైపుల నుంచీ అందేలా 120 సెంటీమీటర్లు దాటకూడదు, గోడవారన అయితే 60 చాలు. చక్రాల కుర్చీ పట్టేలా దారి 90 సెంటీమీటర్లకి తగ్గించొద్దు. ఆముదం, గన్నేరు, ఉమ్మెత్త తోటలో ఎక్కడా ఉండకూడదు, పిల్లలు దేన్నైనా నోట్లో పెట్టుకుంటారు. స్థలం పాత కట్టడం కూల్చినదైతే మట్టిలో సీసం ఉందేమో ముందే ల్యాబ్‌లో చూపించండి. పేర్ల చీటీలు మార్కర్‌తో రాస్తే ఎండకి ఒక్క సీజన్‌లో వెలిసిపోతాయి, మామూలు పెన్సిల్‌తో రాస్తే ఉంటాయి.

తోటని చంపేది మాత్రం చీడ కాదు, సెలవులు. అందరూ ఒకేసారి ఊళ్ళకి వెళ్తారు, పదిరోజులు నీళ్ళుండవు. మాకు రెండుసార్లు అయింది. అందుకే నీళ్ళ వంతులు మనుషుల పేర్లతో రాసి గేటుకి కట్టాం, ఇద్దరేసి చొప్పున, ఒకరు రాకపోతే రెండోవాళ్ళకి తెలిసేలా. మీ దగ్గర కచ్చితంగా వచ్చే మనుషులు ఆరుగురే ఉంటే నాలుగు మడులతో ఆపండి, స్థలం ఎంతున్నా సరే.

స్థలం శుభ్రం చేసేలోపు మీరు తెప్పించబోయే ఎరువుని ఒక బకెట్ తెచ్చుకుని కుండీలో బీన్స్ గింజలు వేసేయండి. ఆకులెలా వచ్చాయో ఫొటో పెడితే చూసి చెప్తాను.