విదేశీ ప్రయాణానికి ఏ చార్జరు, ఏ ప్లగ్ అడాప్టరు?

ఫోనుకూ ల్యాప్‌టాప్‌కూ సరిపోయే తేలికపాటి చార్జరు ఏదని అడిగారు. ముందు మీ చార్జరు మీద ఉన్న చిన్న అక్షరాలు చదవండి. ‘100–240 వోల్టులు, 50/60 హెర్ట్జ్’ అని ఉంటే జపాన్‌లోని 100 వోల్టులకూ, ఐరోపాలోని 230 వోల్టులకూ అదే పనిచేస్తుంది. అడాప్టరు మార్చేది ప్లగ్గు ఆకారాన్నే, వోల్టేజీని కాదు. 120 వోల్టులకు మాత్రమే తయారైన హెయిర్ డ్రయ్యరును దానితో ఐరోపాలో వాడితే కాలిపోతుంది. దయచేసి ఆ పని చేయకండి.

నేనైతే రెండు యూఎస్‌బీ-సి పోర్టులున్న 65 వాట్ల గాలియం నైట్రైడ్ (లోపలి భాగాల్లో సిలికాన్‌కు బదులు వాడే పదార్థం) చార్జరు ఒక్కటే తీసుకుంటాను. విద్యుత్తు వృథా తక్కువ కాబట్టి పరిమాణం చిన్నది. అన్ని దేశాల పిన్నులూ ఇమిడిన బరువైన అడాప్టరు వదులు సాకెట్లలో జారిపోతుంది. ఒకటి రెండు దేశాలకే వెళ్తుంటే, బ్రిటన్‌కు జి రకం (మూడు పలక పిన్నుల ప్లగ్గు), ఐరోపాలో చాలాచోట్లకు సి రకం (రెండు గుండ్రటి పిన్నుల ప్లగ్గు) చిన్న అడాప్టరు చాలు.