రంగు మారిందని రాయి ముట్టకు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

బరంపురంలో మేడమీద గదిలో ఉప్పునీటి ట్యాంకు పెట్టి రాళ్లకు అతుక్కుని గుత్తులుగా పెరిగే జోయాంథిడ్ పగడాలు పెంచబోతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పినప్పటి నుంచి గర్వమూ గుబులూ రెండూ నన్ను వదలడం లేదు. ఆర్‌ఓ నీళ్లలోనే ఉప్పు కలుపుకో, సాంద్రత 1.025 దగ్గర నిలుపు, గోపాలపూర్ ఒడ్డు నీళ్లు తేవద్దు. ఇవన్నీ నీకు తెలిసినవే.

నా దిగులంతా రంగు గురించే. నీలి ఎల్‌ఈడీ కింద నారింజ, ఆకుపచ్చ వెలుగులు చిమ్మిన పాలిప్ (గుత్తిలోని ఒక్కో పువ్వులాంటి జీవి) తెల్లని వెలుతురులో వెలవెలబోతే మారింది దీపమే గాని పగడం కాదు. నిజమైన మార్పు దాని ఒంట్లో కాపురముండే గోధుమరంగు సూక్ష్మ శైవలాల వల్ల వస్తుంది. వెలుతురు చాలకపోయినా, నీళ్లలో నైట్రేటు పెరిగినా ఆ గోధుమ రంగు చిక్కబడి పై రంగులను కప్పేస్తుంది. వెలుతురు ఒక్కసారిగా పెంచినా, మన ఎండాకాలంలో నీళ్లు 30 డిగ్రీలు దాటినా పగడం ఆ శైవలాలను వెళ్లగొట్టి పాలిపోతుంది. కొత్త ముక్కను ముందు అడుగున పెట్టి, వారాల మీద పైకి జరుపు. ఒకసారికి ఒక్కటే మార్చి, ఫలితం కనిపించేదాకా ఆగు.

విశాఖలో నా స్నేహితుడొకరు ఆ ఓపిక లేకనే ప్రాణం మీదికి తెచ్చుకున్నారు. ఆకుపచ్చ అంచుతో మెరిసే గుత్తి గోధుమరంగుకు తిరిగితే నాచు పట్టిందనుకుని, రాయిని వంటింటి సింకులో పెట్టి, మరిగే నీళ్లు పోసి బ్రష్షుతో రుద్దారు. సాయంత్రానికి వణుకుతో జ్వరం, ఆగని దగ్గు, నోరంతా చేదు. పక్కగదిలో ఆడుకుంటున్న పిల్లకూ ఊపిరాడలేదు. ఆసుపత్రి నుంచి వాళ్లింటికి వెళ్లి చూస్తే బ్రష్షు కుచ్చుల మధ్య నారింజ తునకలు ఇంకా ఇరుక్కుని ఉన్నాయి. అదంతా ఆ పగడం ఒంట్లో ఉండే పాలీటాక్సిన్ అనే విషం పని. 1971లో హవాయి శాస్త్రజ్ఞులు వేరుచేసిన ఆ విషానికి విరుగుడు మందు లేదు. మరిగించినా చావదు, ఆవిరితో పాటు గాలిలోకి లేస్తుంది. ఇద్దరూ కోలుకున్నారు. ఇంతా చేసి, ఆ రంగు మారడానికి కారణం ట్యాంకు మీది ట్యూబులైట్లు పాతబడి వెలుతురు తగ్గడమే.

నీ చేతులు చిన్నప్పటి నుంచీ ఊరుకోవు గనక గట్టిగానే చెబుతున్నాను, నాన్నా. తొడుగులు, కళ్లద్దాలు లేకుండా ఆ గుత్తులను తాకవద్దు. వేలికి చిన్న గాటున్నా ఆ రోజు ట్యాంకులో చెయ్యి పెట్టవద్దు. ఏ రాయినీ వంటింట్లోకి తేవద్దు. ముక్కలు కోసిన పళ్లేన్ని బ్లీచు నీళ్లలో అరగంట నానబెట్టు.

2013లో ఫైలిన్ తుపానుకు మీ ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేదు. అక్టోబరులోపే పంపుకు ఇన్వర్టరు అమర్చుకో. మొదటి గుత్తి విచ్చుకున్నాక తెల్లని వెలుతురులో ఫొటో తీసి పంపు. రంగులో తేడా కనిపిస్తే అర్ధరాత్రయినా సరే, రాయి ముట్టకముందే నాకు ఫోన్ చెయ్యి.

మీ మామయ్య